తీగలోకి రాని కొంగు

అంకాలమ్మ గడప దాటి లోపలికి రాలేదు. చేతిలో దారం కండె పట్టుకుని వాకిట్లోనే నిలబడి, వీరన్న వీపు వైపు చూస్తూ అడిగింది.

"కూసిందా అన్నా?"

"ఇంకా ల్యా."

"నువ్వు కండ్లు కొత్తవి ఏసుకోని వచ్చినావు. దానికి గొంతు పోయినట్టుండాది."

వీరన్న నవ్వాడు గాని చేతులు ఆగలేదు. కంప్యూటరు వెనక తీగను ఊడబెరికి, కొసను లుంగీ అంచుతో తుడిచి, మళ్ళీ గుచ్చాడు. అది కంప్యూటరని కొత్తవాళ్ళకు చెప్పాల్సి వచ్చేది. మీటలూ మెదడూ ఒకే పెట్టెలో ఉండే పాతకాలపు రకం. ఒకప్పుడు ఇళ్ళలో పిల్లలు టీవీకి తగిలించుకునేవాళ్ళు, బళ్ళలో పాఠాలు చెప్పేవాళ్ళు. దాని వెనక నుంచి బయలుదేరిన తీగ గోడవార ఉన్న అట్టలు కొట్టే మిషనులోకి పోతుంది. ఫ్లాపీలో దాచిన అంచు తెరమీద గళ్ళుగళ్ళుగా కనిపిస్తుంది. మీట నొక్కితే ఆ గళ్ళు ఒకదాని వెనక ఒకటి తీగ వెంట నడిచిపోతాయి, మిషను అట్టమీద టకటకా బెజ్జాలు పొడుస్తుంది. ఆ అట్టలను వరసగా కుట్టి మగ్గం పైనున్న జకార్డుకు తగిలిస్తే, ఏ పోగు లేవాలో ఏది పడుకోవాలో అవే చెబుతాయి. జమ్మలమడుగులో ఆ వీధి మగ్గాలకు అట్టలు కొట్టేది వీరన్న ఒక్కడే.

తెరమీద అంకాలమ్మ కొంగు నిండుగా ఉంది. జొన్నకంకులు, వాటి మధ్య ఒదిగి కూర్చున్న పిట్టలు. ఆమె అత్త కాలం నాటి కొంగు అది. పాత అట్టలు వానకు తడిసి ఉబ్బిపోతే కొత్తవి కొట్టమని వచ్చింది. చీర ఒళ్ళంతా నేసేసింది. కొంగు దగ్గర మగ్గం ఆగిపోయింది. ప్రొద్దుటూరు అంగడివాళ్ళకు దసరాకు ముందు చీర చేరాలి.

"పోనీ వేరే కొంగు ఏదన్నా ఉంటే కొట్టియ్యి. ఏదో ఒకటి నేసి పారేస్తా" అంది అంకాలమ్మ.

"ఎవరిది కొట్టమంటావు? రంగమ్మోళ్ళదా? ఆయమ్మ వచ్చి నా నెత్తిమీద నీళ్ళు కుమ్మరిస్తాది."

"అదీ నిజమేలే."

ఒక ఇంటి అంచును ఇంకో ఇంటికి కొట్టడం వీరన్న ఎరగడు. పక్క వీధి వాళ్ళు ఈ కంకుల కొంగు కోసం రెండుసార్లు వచ్చి, టీ తాగి, ఉత్త చేతులతో వెళ్ళారు.

అంకాలమ్మ వెళ్ళిపోయాక పెట్టె మూత విప్పాడు. రెండు వారాల కింద తను కంటి ఆపరేషనుకు వెళ్ళినప్పుడు కొడుకు జగదీశ్ దాన్ని దుమ్ము దులిపించుకొస్తానని ప్రొద్దుటూరు తీసుకుపోయాడు. లోపల నిజంగానే శుభ్రంగా ఉంది. ఒక సన్నని రాగితీగ ముక్క తీసుకుని, అక్షరాలు బయటికి పోయే బెజ్జాన్ని, లోపలికి వచ్చే బెజ్జంతో కలిపాడు. ఇప్పుడు మీట నొక్కితే ఆ అక్షరం బయటికి పోయి, తీగ ముక్క చుట్టూ తిరిగి, మళ్ళీ తెరమీదికి రావాలి. నొక్కాడు. రాలేదు. ఇంకో మీట నొక్కాడు. తెర నల్లగానే ఉంది.

తీగ బాగానే ఉంది. మిషను బాగానే ఉంది. పెట్టెలో ఒక మూల, ఇరవై నాలుగు కాళ్ళతో జెర్రిలా బోర్లా పడుకున్న ఆ సీరియల్ చిప్పే మాట్లాడటం లేదు. లోపలి సంగతిని వరసలో నిలబెట్టి తీగలోకి పంపే పని దానిది. అది లేకపోతే కంప్యూటరుకు అన్నీ తెలుసు, ఎవరికీ చెప్పలేదు.

వీరన్న మూత బిగించి, పెట్టెను దుప్పట్లో చుట్టి, ప్రొద్దుటూరు బస్సెక్కాడు. కండక్టరు ఆ మూటను చూసి, "పాపనా మామా?" అని అడిగి, ముందు సీటులోని కుర్రవాణ్ణి లేపి కూర్చోబెట్టాడు.

*

కరీముల్లా అంగడి బంగారంగళ్ళ వెనక సందులో ఉంది. ముందు రేడియోలు బాగుచేసేవాడు, తర్వాత టీవీలు, ఇప్పుడు ఎక్కువగా ఇన్వర్టర్లు. ఆ పాత కంప్యూటరును అట్టల మిషనుతో మాట్లాడించింది అతనే. ఎప్పుడు వెళ్ళినా, "మీ ముసలామె ఎట్లుండాది వీరన్నా?" అని మిషను క్షేమం అడిగి, తర్వాతే మనిషి క్షేమం అడుగుతాడు.

ఆ రోజు అడగలేదు. దుప్పటి విప్పుతుండగానే టీ చెప్పడానికి బయటికి వెళ్ళాడు. టీలు చెప్పడానికి ఎప్పుడూ ఎదురంగడి వైపు ఒక కేక వేసేవాడు. ఈసారి తనే నడిచి వెళ్ళి, తనే రెండు గ్లాసులు పట్టుకుని వచ్చాడు.

"కండ్లు బాగా కనపడ్తాండాయా?"

"శానా బాగా. నీ గడ్డంలో తెల్లవి ఎన్నుండాయో లెక్కబెట్టొచ్చు. దీని సంగతి చూడు ముందు. ఉలుకూ పలుకూ ల్యా."

కరీముల్లా చిన్న స్క్రూడ్రైవరు చిప్పు కిందికి దూర్చి, ఆ పక్క ఒకసారి ఈ పక్క ఒకసారి లేపుతూ, కాళ్ళు వంగకుండా పైకి తీశాడు. తాను చేసుకున్న పరీక్ష పలకమీద దాన్ని గుచ్చాడు. పలక చివర చిన్న పచ్చ దీపం వెలగాలి. వెలగలేదు.

"పాయె" అన్నాడు.

"ఇంకో తూరి పెట్టి చూడు."

"ఎన్ని తూర్లు పెట్టినా అంతే వీరన్నా. సచ్చిపాయింది."

"ఢిల్లీ నుంచి తెప్పిస్తే?"

"పోయిన తూరి రెండు తెప్పించినా గదా. పైన పేరు గీకేసి కొత్త పేరు అచ్చేసి పంపినారు. లోపల ఉండేది ఇంకేందో." అతను చిప్పును మళ్ళీ దాని గూట్లో కూర్చోబెట్టి, బొటనవేలితో అదిమాడు. చచ్చిందని చెప్పినదాన్ని అంత జాగ్రత్తగా అదమడం చూసి వీరన్నకు స్నేహితుడి మీద ప్రేమ పుట్టింది.

"ఇంక ఇడ్సిపెట్టరాదూ" అన్నాడు కరీముల్లా పలకను చూస్తూ. "మనమూ ముసిలోళ్ళమైతిమి. అదీ ముసల్దాయె. ఎన్నాళ్ళని దాన్ని బతికిస్తాము?"

"నువ్వేనా ఈ మాట చెప్పేది?"

కరీముల్లా టీ గ్లాసులు పక్కకు జరిపాడు. పెట్టెను తనే దుప్పట్లో చుట్టి, తాడు వేసి కట్టి, వద్దంటున్నా వినకుండా బస్టాండు దాకా మోసుకొచ్చాడు. బస్సు కదిలేదాకా కిటికీ కింద నిలబడ్డాడు. ఇన్నేళ్ళలో అతను అలా వచ్చింది లేదు. పాత మిషను పోతే తనకెంత బాధో అతనికీ అంతే ఉన్నట్టుందని వీరన్న అనుకున్నాడు. ఆ మాట దారంతా తోడుగా ఉంది.

*

జగదీశ్ అన్నం తింటూ ఫోనులో బొమ్మలు చూపించాడు. మగ్గం మీద జకార్డు ఉండాల్సిన చోట ఇనుప పెట్టె ఉంది. అట్టలు లేవు, తాళ్ళు లేవు. చిన్న పుల్లలాంటి పెన్‌డ్రైవ్ గుచ్చితే అంచు దానంతటదే పడుతుంది.

"నేను ఈ పెట్టెల ఏజెన్సీ తీసుకున్న సంగతి తెలుసు గదా నాయనా. మన వీధిలో ఒక్కరు పెట్టిచ్చుకుంటే చాలు, మిగతావాళ్ళు ఎనకే వస్తారు. అందరూ ఏమంటాండారో తెలుసునా? మీ నాయన అట్టలు కొడ్తాంటే మాకు పెట్టెలెందుకు అంటాండారు."

"అనరా మరి."

"నీ కండ్లు చూడు. ఆపరేషనాయె. ఇంకా ఆ గళ్ళు చూసుకుంటా కూచుంటావా? అదే ఆగిపాయె. మంచిదే అనుకో. నెమ్మదిగా కూచో."

కోడలు సుధ ఇద్దరికీ సంగటి ముద్దలు వేసి, నీళ్ళచెంబు మామ చేతికి అందేంత దగ్గరగా జరిపింది. భర్త బండి తీసుకుని బయటికి వెళ్ళాక, అన్నం తిన్న తట్ట కడుగుతూ, కుళాయి వైపు తిరిగి చెప్పింది.

"మామా, పులివెందులలో కదిరి దోవలో ఒక ప్రైవేటు బడి ఉండాదంట. ఆడ స్టోరు రూములో ఇట్లాంటి కంప్యూటర్లే ఉండాయంట."

"ఎవరు చెప్పినారమ్మా?"

"ఎవరో అంటాంటే ఇన్యా." కడిగిన తట్టనే మళ్ళీ కడిగింది. "ఒకతూరి పోయి చూసి రాండి. ఆయనకు చెప్పొద్దు. ఎండలో తిరుగుతావని అరుస్తాడు."

పొద్దున బస్సుకు బయలుదేరేటప్పుడు అతని సంచిలో రెండు జొన్నరొట్టెలు, శనగల పొడి ఉన్నాయి. సుధ వాకిట్లో ముగ్గు వేస్తోంది, తలెత్తలేదు.

తొండూరు దాటాక చీనీ బత్తాయి తోటలు మొదలయ్యాయి. బిందెలు వరసగా పెట్టిన కుళాయిల దగ్గర ఆడవాళ్ళు వాదులాడుకుంటున్నారు. సిమెంటు బస్తాల లారీ ఒకటి అడ్డం వస్తే బస్సు చాలాసేపు ఆగింది. వీరన్న సంచిలో చెయ్యి పెట్టి, చిప్పు తీసే చిన్న స్క్రూడ్రైవరు ఉందో లేదో తడిమి చూసుకున్నాడు. ఆ బడివాళ్ళు ఇస్తే సాయంత్రానికి అంకాలమ్మ అట్టలు మొదలుపెట్టొచ్చు. ఇవ్వకపోతే ఈ వీధిలో తన పని ఇక్కడితో ఆఖరు. అతనికి రెండే దారులు కనిపించాయి.

*

బడిలో ల్యాబు చూసుకునే ఇందిరమ్మ నడివయసు మనిషి. చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని, బీరువాల వెనక చీమల మందు చల్లుతోంది. పాత కంప్యూటర్లు చూడటానికి వచ్చాడని విని, "ఎండన పడి వచ్చినావు, ముందు కూచో పెద్దాయనా" అని ముక్కాలి పీట జరిపి, కుండలో నీళ్ళు ముంచి ఇచ్చింది. అతను తాగి గ్లాసు కింద పెట్టేదాకా ఇంకేమీ అడగలేదు.

స్టోరు రూములో, విరిగిన బెంచీల పక్కన, పాత బ్యానరు గుడ్డ కప్పుకుని ఆ పాత కంప్యూటర్లు మూడు ఉన్నాయి. గుడ్డ తీస్తే దుమ్ము లేదు. వీరన్న వంగి ఒకదాని మీటలమీద వేళ్ళు ఆనించాడు. తన ఇంట్లో ఉన్నదాని అక్కచెల్లెళ్ళను చూసినట్టుంది.

"ఎవరూ వాడరు. అయినా వారానికొకతూరి తుడుస్తాంటా" అంది ఇందిరమ్మ. "నీకూ ఆ తీగ చిప్పేనా కావాల్సింది?"

"ఆ... నీకెట్ల తెలుసమ్మా?"

"రెండు వారాల కిందనే గదా వచ్చి ఒకటి తీసకపాయిరి. ప్రొద్దుటూరు సాయిబు ఒకాయన, గడ్డం నెరిసినాయన. వెంట ఒక పిల్లోడు. జమ్మలమడుగు అని చెప్పినాడు. మగ్గాల పెట్టెలు అమ్ముతాడంట. నాకూ కార్డు ఇచ్చిపాయె, నాకు మగ్గం యాడిది?"

ఆమె కిటికీ అంచున ఉన్న కార్డు తీయబోయింది. వీరన్న చేత్తో వద్దన్నాడు. చూడకుండానే ఆ కార్డు మీద ఏ రంగు అక్షరాలున్నాయో అతనికి తెలుసు.

"మంచిదే తీసకపోయినారా?" అని అడిగాడు. గొంతు మామూలుగానే వచ్చింది.

ఇందిరమ్మ నవ్వింది. "అదే గదా ఇచిత్రం! నేను ఇట్ల రెండింట్లో మంచివి ఉండాయి, ప్రిన్సిపాలు సారునడిగి ఒకటి తీసుకోండి అంటిని. ఆ మూలది పోయినేడు పిడుగు పడి మాడిపాయింది. మాకు ఆ మాడిపోయిందే కావాలనిరి. పనిజేసేది ఇమ్మని వచ్చినోళ్ళను చూసినా గాని, చెడిపోయిందే ఇమ్మని వచ్చినోళ్ళను నా జన్మలో వాళ్ళనే చూసినా. సాయిబు మాత్రం తలెత్తి చూడల్యా పాపం."

వీరన్న ఆ మూల పెట్టె ముందు కూర్చుండిపోయాడు. మూత తీసే ఉంది. చిప్పు ఉండాల్సిన గూడు, రెండు వరసల బెజ్జాలతో, ఖాళీగా ఉంది. తీగ తెంచి ఉంటే కనిపెట్టేవాడు. చిప్పు తీసేసి ఉంటే చూసేవాడు. తాను ఎలా వెతుకుతాడో, ఎక్కడ ఆగిపోతాడో బాగా తెలిసినవాళ్ళు కాబట్టే, అచ్చం అలాంటిదే చచ్చినదాన్ని తెచ్చి తన పెట్టెలో పెట్టారు. తాను దాన్నే మళ్ళీ దుప్పట్లో చుట్టుకుని, బస్సులో ఒళ్ళో పెట్టుకుని, పెట్టినవాడి దగ్గరికే తీసుకుపోయి బాగుచెయ్యమన్నాడు.

"సారును అడిగి ఇంకోటి ఇప్పిస్తాలే" అంది ఇందిరమ్మ, అతను దిగులుపడ్డాడనుకుని. "నేను చెప్తే కాదనడు. రెండుండాయి గదా."

"వద్దమ్మా." వీరన్న మోకాలిమీద చెయ్యి ఊని లేచాడు. "నాది యాడుండాదో తెలిసింది."

*

కరీముల్లా అతన్ని సందు మొదట్లోనే చూశాడు. ఒక ఇన్వర్టరు మూత బిగిస్తున్నవాడు స్క్రూడ్రైవరును బల్లమీద పెట్టి, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. వీరన్న చేతిలో దుప్పటి మూట లేకపోవడమే అతనికి అంతా చెప్పింది.

"పులివెందులకు పోయింటివా" అన్నాడు.

"పోయింటి."

ఎదురంగడి నుంచి ఎవరో టీ కావాలా అని కేకేశారు. కరీముల్లా వద్దని చెయ్యి ఊపాడు.

"నిన్న నా ముందర పలకమీద పెట్టి చూపించినావు గదా కరీమూ. దీపం వెలగల్యా అని."

"వెలగల్యా గదా. పలక అబద్ధం చెప్పల్యా."

"పలకను అనల్యా నేను."

కరీముల్లా తల వంచుకున్నాడు. టోపీ తీసి, మడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు. "మీవోడు వచ్చి కూచున్యాడు. ఈడనే, నువ్వుండే పీటమీద. నాయన కండ్లు పోతాయి, నేను చెప్తే ఇనడు, నువ్వు చెప్తే ఇంటాడు మామా అన్యాడు. నేను చెప్పను అంటి. మూడు తూర్లు అంటి. అప్పుడు మావోడు నాసిర్ గాడి మాటెత్తినాడు. కువైటు నుంచి వచ్చినప్పటి సంది వాడు ఇంట్లో గోడలు చూస్తాండాడు వీరన్నా. పెట్టెలు బిగించే పని వాడికే ఇస్తానన్యాడు."

"వాడికి తెలుసునా?"

"నాసిర్ కా? తెలీదు. అల్లా మీద ఒట్టు, తెలీదు."

వీరన్న ఎదురుగోడ మీది ఖాళీ మేకును చూస్తూ ఉండిపోయాడు. కోపం వస్తుందేమోనని బస్సులో ఎదురుచూశాడు. అది వచ్చి ఉంటే బాగుండేది. కోపమైతే కేకలు వేసి దింపుకోవచ్చు. ఇదైతే ఎక్కడ దింపాలో తెలియని మూటలా ఉంది.

"బస్టాండు దాకా ఎందుకు మోసినావు దాన్ని?" అని మాత్రం అడిగాడు.

కరీముల్లా సొరుగు లాగి, సిగరెట్టు పెట్టెలోని వెండి కాగితంలో చుట్టిన చిన్న పొట్లం తీసి బల్లమీద పెట్టాడు. "నీ చిప్పు కాళ్ళు తుంచి పారెయ్యమన్యాడు. ఎన్నడూ మళ్ళా కూసే పని ల్యాకుండా. నా చేతులు రాల్యా."

పొట్లం విప్పి చూడకుండానే వీరన్న చొక్కా జేబులో వేసుకున్నాడు. లేచాడు. కరీముల్లా కూడా లేచి, చెప్పుల కోసం కాలితో వెతుక్కున్నాడు, వెంట రావడానికన్నట్టు.

"నువ్వు రావొద్దులే" అన్నాడు వీరన్న మెల్లగా.

*

బస్సు దిగి ఇంటికి పోకుండా నేరుగా అంకాలమ్మ ఇంటికి నడిచాడు. రేపు పొద్దునకు అట్టలు సిద్ధమని చెప్పాలి. ఆ ఒక్క మాట చెప్పడం కోసమే ఆ రోజంతా తిరిగినట్టు అనిపించింది.

మగ్గం గదిలో నుంచి ఇనుము మీద ఇనుము రాసుకునే చప్పుడు వస్తోంది. గడపలో ఆగాడు. గుంత మగ్గం పైన పాత జకార్డు లేదు. దాన్ని దింపి గోడకు ఆనించారు. ఆ చోట బూడిదరంగు ఇనుప పెట్టె ఉంది. స్టూలు ఎక్కి కరీముల్లా కొడుకు నాసిర్ దానికి మరలు బిగిస్తున్నాడు. కింద గచ్చుమీద జగదీశ్ ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

అంకాలమ్మ వీరన్నను చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "పని చాలించుకుంటివంట గదన్నా. నువ్వే చెప్పమన్యావంట, ఇంక నాతో కాదు, పెట్టె పెట్టిచ్చుకోమను అని. నాతో ఒక్క మాట చెప్పింటే నేనేమన్నా కాదంటానా? జగదీశుతో చెప్పి పంపిస్తివి."

వీరన్న కొడుకు వైపు చూశాడు. జగదీశ్ తెర మీదనుంచి కళ్ళు తీయలేదు.

"సరైన టయానికి వచ్చినావు నాయనా" అన్నాడు గబగబా. "పెట్టెలో కంపెనీ వాళ్ళవి మామిడిపిందెలూ నెమళ్ళే ఉండాయి. ఈమె కంకులే కావాలంటాంది. నీ ఫ్లాపీలు నాకియ్యి. అన్నీ ఇందులో ఎక్కిస్తా."

పైనుంచి నాసిర్ అన్నాడు, "ఫ్లాపీలు దీనికి తెలీవు జగ్గన్నా. మొన్న నువ్వు చూపించినప్పుడే చెప్పాలనుకున్యా. ఆ పాత కంప్యూటరు నుంచి బయటికి రావాలంటే దోవ ఒకటే. దాని సీరియల్ తీగలోంచే రావాల. నా దగ్గర ల్యాప్‌టాప్ కు తగిలించేది ఉండాది."

జగదీశ్ వేళ్ళు మీటలమీద ఆగిపోయాయి.

"వేరే దోవ ల్యాదా?"

"ఉండాది. పాత అట్టలు ముందర పెట్టుకోని ఒక్కొక్క బెజ్జం చూసి ఎక్కించుకోవాల. ఈమె అట్టలు వానకు ఉబ్బిపాయె గదా, అదీ కాదు."

"ఆ చిప్పు సచ్చిపాయిందంట గదప్పా" అన్నాడు వీరన్న కొడుకుతో. గొంతు పెంచలేదు. "మీ కరీం మామ చెప్పినాడు."

"చిప్పే గదా మామా!" నాసిర్ స్టూలు మీదనుంచి సంతోషంగా వంగాడు. "మా అబ్బా దగ్గర ఇంకోటి ఉండాది. సొరుగులో వెండి కాగితంలో చుట్టి పెట్టినాడు, నేను చూసినా. పోయి తెస్తా ఉండు."

నాసిర్ ఒకరి తర్వాత ఒకరి ముఖం చూశాడు, తానేం తప్పు మాట్లాడాడో తెలియక. వీరన్న జేబులోంచి వెండి కాగితం పొట్లం తీశాడు. విప్పి, అరచేతిలో పెట్టి చూశాడు. ఒక్క కాలు కూడా వంగలేదు.

అంకాలమ్మ చిప్పును చూసింది, తండ్రిని చూసింది, కొడుకును చూసింది. మగ్గం మీద బతికిన మనిషి. ఎక్కడ పోగు తెగిందో వెతుక్కోవడం ఆమెకు కొత్త కాదు.

"ఏమబ్బీ," అంది జగదీశ్ తో, "మీ నాయన చాలించుకున్యాడని నాతో చెప్పింది ఎవరు?"

జగదీశ్ లేచి నిలబడ్డాడు. "నేను మంచికే చేసినా అత్తా. ఎన్నాళ్ళు ఈ అట్టలు? అన్నీ ఇందులో పడితే ఎవరికి ఏ అంచు కావాలంటే అది వేసుకోవచ్చు. ఒక ఇంటిది ఒక ఇంట్లోనే ఎందుకుండాల?"

"అంటే నా కంకులు ఊరందరికీ ఏస్తావా?"

వీరన్నకు అప్పుడు అర్థమైంది, కొడుకు మూయాలనుకున్నది తన ఒక్కడి పనిని కాదని. ఇంతకాలం ఒక్కొక్క ఇల్లూ తనను నమ్మి దాచుకున్నదంతా ఆ ల్యాప్‌టాప్ లోకి పోవాలి. పోవడానికున్న ఒకే ఒక్క తలుపును తెలియక ఆ కొడుకే మూయించాడు.

వీరన్న అంకాలమ్మ వైపు తిరిగాడు.

"చెల్లే, కొంగు నీది. నీకు అట్టల్లో కావాల్నా, పెట్టెలో కావాల్నా? అట్టలైతే రేపు పొద్దునకు ఇస్తా."

అంకాలమ్మ గోడకు ఆనించిన పాత జకార్డును చూసింది, దాని కింద వేలాడే తాళ్ళను చూసింది. తర్వాత నేరుగా అతని ముఖంలోకి చూసింది.

"నువ్వు ఏమనుకోకన్నా. ఆ అట్టల బరువు తొక్కి తొక్కి నా మోకాళ్ళు అరిగిపాయినాయి. పెట్టెలోనే ఎయ్యి. కానీ నాది నాకే ఎయ్యి."

"అనుకునేదేముండాది" అన్నాడు వీరన్న. అంటూ, నిజంగానే ఏమీ అనుకోవడం లేదని గమనించాడు. రోజంతా మోసిన మూట కొంచెం తేలికైంది. ఎదుట నిలబడి వద్దని చెప్పిన మనిషి మాట నొప్పించలేదు.

అందరూ అతని ఇంటికి వచ్చారు. సుధ గడపలో నిలబడి దారి ఇచ్చింది. వీరన్న ఆమె తలమీద ఒకసారి చెయ్యి ఆనించి లోపలికి పోయాడు. పెట్టె మూత విప్పి, మాడిన చిప్పును పైకి లేపి పక్కన పెట్టాడు. తన చిప్పును గూటిమీద ఉంచి, అటూ ఇటూ కాళ్ళు బెజ్జాలకు సరిచూసి, రెండు బొటనవేళ్ళతో అదిమాడు. నాసిర్ తీగ తగిలించాడు. మీట నొక్కగానే ల్యాప్‌టాప్ తెరమీద కింది వరస నుంచి ఒక్కొక్క గడి రావడం మొదలైంది. ముందు కాడ, తర్వాత ఆకు, తర్వాత కంకి. అంత నెమ్మదిగా రావడం నాసిర్ ఎప్పుడూ చూడలేదు కాబోలు, ముందుకు వంగి, నోరు తెరుచుకుని చూస్తున్నాడు. అంకాలమ్మ గుమ్మం పక్కన కూర్చుని, పిట్టలు ఎప్పుడు వస్తాయా అని ఎదురుచూసింది. వచ్చినప్పుడు, "అదిగో మా అత్త పిట్టలు" అంది.

కొంగు అయిపోయింది. నాసిర్ దాన్ని పుల్లలోకి ఎక్కించి అంకాలమ్మ చేతికిచ్చి, ల్యాప్‌టాప్ లోది తుడిచేశాడు. ఆ పని చెయ్యమని అతనికి ఎవరూ చెప్పలేదు. ఇద్దరూ వెళ్ళిపోయారు.

జగదీశ్ గోడవార నిలబడే ఉన్నాడు. వీరన్న విద్యుత్తు ఆపి, స్క్రూడ్రైవరుతో చిప్పును అటు కొంచెం ఇటు కొంచెం లేపి బయటికి తీశాడు.

"మిగతావి నాయనా?"

"ఎవరిది వాళ్ళొచ్చి అడగనీ. పెట్టెలో కావాలంటే పెట్టెలోకి పంపిస్తా. అట్టల్లో కావాలంటే అట్టలు కొడతా."

"నేను... నీ కండ్ల కోసమే..."

వీరన్న విన్నాడు. అందులో కొంత నిజం ఉందని కూడా అతనికి తెలుసు. పూర్తిగా అబద్ధమై ఉంటే సులువుగా ఉండేది.

జగదీశ్ ముందుకు వచ్చి, పనిముట్లు అందుకునే అలవాటు కొద్దీ, చిప్పు కోసం చెయ్యి చాపాడు. చిన్నప్పటినుంచీ తండ్రి తీసిన ప్రతి చిప్పునూ ఆ చేతిలోనే పెట్టేవాడు. వీరన్న ఆ అరచేతిని చూశాడు. వెండి కాగితాన్ని మడత మీద మడత పెట్టి, చిప్పును అందులో చుట్టి, తన జేబులో వేసుకుని గుండీ పెట్టుకున్నాడు.

"సుధమ్మా, సంగటి అయిందా?" అని లోపలికి కేకేశాడు. "ఇద్దరికీ పెట్టు. వాడు మధ్యాన్నం తిన్నట్టు ల్యాడు."

జగదీశ్ చెయ్యి ఇంకా చాపే ఉంది.